షెంగెన్ టూరిస్ట్ వీసా: మూడు దేశాలు తిరగాలంటే ఫైల్ ఎక్కడ వేయాలి, ఏమేం పెట్టాలి?

#1 · రైలుకిటికీ

అందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ కలిసి యూరప్ వెళ్దామని అనుకుంటున్నాం. పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నదానికి ఐదు. పారిస్‌లో దిగుతాం, అక్కడ మూడు రాత్రులు. ఆపైన రైల్లో స్విట్జర్లాండ్, అక్కడ నాలుగు రాత్రులు. చివరికి ఇటలీలో ఐదు రాత్రులు ఉండి రోమ్ నుంచి తిరుగు విమానం ఎక్కుతాం.

దిగేది పారిస్ కాబట్టి ఫ్రాన్స్ వీసాయే తీసుకోవాలని ఒక ఏజెంట్ అంటున్నాడు. స్విట్జర్లాండ్ అయితే త్వరగా ఇస్తారు, అక్కడ వేయమని ఇంకొకాయన సలహా. ఎవరి మాట వినాలి? టికెట్లు ముందే కొనేయాలా? బ్యాంకులో ఎంత ఉండాలి? మా ఆవిడకు ఉద్యోగం లేదు, ఆమె ఫైల్‌లో ఏం పెట్టాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

#2 · దిక్సూచి

రైలుకిటికీ గారూ, మీరు ఇటలీకి వేయాలి. ఇందులో ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు, రూలే ఉంది. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఆ దేశాలన్నింటికీ వీసా కోడ్ అని ఒకే చట్టం ఉంది, 2009 నాటి 810వ నంబరు రెగ్యులేషన్. అందులో ఐదో ఆర్టికల్ చెప్పేది ఇది: ఒకే దేశానికి వెళ్తుంటే ఆ దేశానికే వేయాలి. చాలా దేశాలు తిరుగుతుంటే, ఎక్కువ రోజులు ఉండే దేశమో, ప్రయాణానికి అసలు కారణమైన దేశమో మీ ప్రధాన గమ్యం. అలా ఏదీ తేలకపోతే, అంటే రోజులు సమానంగా ఉండి ఫలానాదే ముఖ్యమని చెప్పలేకపోతే, అప్పుడు మాత్రమే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది.

మీ ఏజెంట్ ఆ చివరి ముక్క ఒక్కటీ పట్టుకున్నాడు. ఇటలీ ఇచ్చిన వీసాతో పారిస్‌లో దిగడానికి ఏ అడ్డూ లేదు. స్టిక్కర్ మీద షెంగెన్ దేశాలన్నింటికీ చెల్లుతుందని ఉంటే ఎక్కడ దిగినా ఒకటే.

తప్పు చోట వేస్తే ఏమవుతుందంటే, ఆ కాన్సులేట్ ఫైల్‌ను పరిశీలించకుండానే తిప్పి పంపాలి, ఫీజు కూడా వెనక్కి ఇవ్వాలి. డబ్బు వస్తుంది సరే, వేసవి ముందు పోయిన వారాలు మాత్రం రావు.

#3 · నడకరి

దిక్సూచి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టయిన్ కూడా అంతే. ఐర్లాండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. బల్గేరియా, రొమేనియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా కలిశాయి. ఇప్పుడు మొత్తం 29 దేశాలు. పాత బ్లాగుల్లో 26 అని కనిపిస్తే ఆ పేజీలో మిగతా సమాచారం కూడా పాతదే అనుకోండి.

పారిస్ దాకా వెళ్తున్నాం కదా, రైల్లో లండన్ చూసి వద్దామని చాలామందికి అనిపిస్తుంది. బ్రిటన్‌కు వేరే వీసా కావాలి. అంతకంటే ముఖ్యంగా, సింగిల్ ఎంట్రీ వీసాతో షెంగెన్ దాటి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రాలేరు. అలాంటి ఆలోచన ఉంటే ఫారంలో ముందే రెండు ఎంట్రీలు అడగండి, ఆ లండన్ రోజులను ఐటినరరీలో చూపించండి.

#4 · కాగితంపడవ

రూల్ అర్థమైంది కానీ స్లాట్లు దొరకాలి కదండీ! నేను చూస్తున్న దేశానికి నెలన్నర దాకా ఒక్క అపాయింట్‌మెంట్ లేదు. పక్క దేశానికేమో వచ్చే వారమే ఉంది. ఆ పక్క దేశంలో ఎక్కువ రాత్రులు ఉన్నట్టు హోటళ్లు బుక్ చేసి వీసా తీసుకుని, తర్వాత అవి రద్దు చేసుకుంటే ఏమవుతుంది? అందరూ ఇదే చేస్తున్నారని వింటున్నాను.

#5 · మునిమాపు

కాగితంపడవ, అలా చేయకు తమ్ముడూ. గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే దీని దెబ్బ ఈ ఒక్క ప్రయాణంతో ఆగదు. వీసాకు కావాల్సిన షరతులు అసలు నెరవేరలేదని, లేదా మోసంతో తీసుకున్నారని తేలితే ఇచ్చిన వీసాను కూడా రద్దు చేసే అధికారం 34వ ఆర్టికల్ కింద ఉంది. సరిహద్దులో పోలీసు "ఎక్కడికి వెళ్తున్నారు, హోటల్ కాగితం చూపించండి" అని అడగవచ్చు. చేతిలో వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానివ్వాలని లేదు, ఆ మాట కూడా కోడ్‌లోనే ఉంది. రద్దయిన వీసా సంగతి విస్ అనే ఉమ్మడి డేటాబేస్‌లో చేరుతుంది. ఆ తర్వాత ఏ షెంగెన్ దేశానికి వేసినా అక్కడి ఆఫీసర్‌కు అది కనిపిస్తుంది.

నీ ప్లాన్‌నే నిజంగా మార్చుకోవడం వేరే సంగతి. స్లాట్ దొరికిన దేశంలోనే ఎక్కువ రోజులు ఉండేలా ప్రయాణం మార్చుకుని, నిజంగానే అక్కడ ఉండి వస్తే అందులో తప్పేమీ లేదు. మా బంధువులు అలాగే ఆస్ట్రియా ఎక్కువ రోజులు పెట్టుకుని వెళ్లారు, సంతోషంగా తిరిగొచ్చారు.

ఇంకొకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఫైల్ వేయవచ్చు. ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు. వేసవికి వెళ్లేవాళ్లు చలికాలంలోనే స్లాట్ చూసుకుంటే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, అవసరమైతే 45 రోజుల దాకా పొడిగించవచ్చు. ఈ 45 మనసులో పెట్టుకుని తేదీ ఎంచుకోండి.

#6 · రైలుకిటికీ

చాలా థాంక్స్ అండీ, ఇటలీకే వేస్తాం. ఫీజుల సంగతి కూడా చెప్పగలరా? పిల్లలు వేలిముద్రలకు రావాలా? డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు, నాకు అదే భయం.

#7 · నడకరి

ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వారికి లేదు. 2024 జూన్ 11 నుంచి ఇదే లెక్క. అంటే మీకు 90, 90, 45, చిన్నమ్మాయికి సున్నా. వీసా సెంటర్ సర్వీస్ చార్జి దీనికి అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. ఫోటో మాత్రం కావాలి. మీరిద్దరూ గత 59 నెలల్లో ఏదైనా షెంగెన్ వీసాకు వేలిముద్రలు ఇచ్చి ఉంటే వాటినే వాడుకోవచ్చు. ఫారంలో ఆ గడి ఉంటుంది, పాత వీసా నంబరు తెలిస్తే రాయండి.

పాస్‌పోర్టులు ఈ రోజే తీసి చూడండి. గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులకు గడువు తక్కువ కాబట్టి ముందు వాటినే చూడండి.

#8 · సముద్రతీరం

డబ్బు విషయం నేను చెబుతాను. నాది ఫ్రీలాన్స్ పని, నెలనెలా జీతం పడదు. అందుకే ఈ విషయం మీద చాలా చదవాల్సి వచ్చింది.

ఇంత బ్యాలెన్స్ ఉంటే వీసా ఖాయం అనే అంకె ఏదీ లేదు. రోజుకు ఇంత అవసరమని ఒక్కో దేశం ఒక్కో ప్రమాణం ప్రకటిస్తుంది. స్విట్జర్లాండ్ రోజుకు 100 ఫ్రాంకులు అంటుంది. ఫ్రాన్స్‌లో హోటల్ బుకింగ్ ఉంటే రోజుకు 65 యూరోలు, లేకపోతే 120. ఇటలీకి రోజులను బట్టి, మనుషుల సంఖ్యను బట్టి మారే పట్టిక ఉంది. కాన్సులేట్ సైట్‌లో దాన్ని చూసి మీ నలుగురికీ లెక్క వేసుకోండి. అది కనీసపు లెక్క మాత్రమే. వచ్చాక మీ ఇల్లు గడవడానికి కూడా ఖాతాలో మిగలాలి కదా, ఆఫీసర్ అదీ చూస్తారు.

చివర్లో ఉన్న అంకె కన్నా, అది అక్కడికి ఎలా చేరిందో ముఖ్యం. స్టేట్‌మెంట్‌లో నెలనెలా ఆదాయం, అద్దె, కరెంటు, పిల్లల ఫీజులు, కొంచెం కొంచెంగా పెరిగిన పొదుపు కనిపిస్తే అది మామూలు జీవితంలా కనిపిస్తుంది. నెలల తరబడి దాదాపు ఖాళీగా ఉన్న ఖాతాలోకి ఫైల్ వేసే వారం ముందు పెద్ద మొత్తం వచ్చి పడితే, ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి చూపిస్తున్నారేమోనని వెంటనే అనుమానం వస్తుంది. నిజంగా డిపాజిట్ గడువు తీరో, స్థలం అమ్మో వచ్చిన డబ్బే అయితే ఆ కాగితం జత చేసి, కవర్ లెటర్‌లో ఒక్క వాక్యం రాయండి. ఆఫీసర్ మీకు ఫోన్ చేసి అడుగుతారని కూర్చోవద్దు. చాలాసార్లు వాళ్ల ముందు ఉండేది ఫైల్ ఒక్కటే. మీ తరఫున మాట్లాడాల్సింది ఆ కాగితాలే.

ఉద్యోగులకు ఆఫీసు నుంచి సెలవు మంజూరు లేఖ, జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు సరిపోతాయి. సొంత పని చేసుకునేవాళ్లు రిజిస్ట్రేషన్, పన్ను కాగితాలతో పాటు క్లయింట్లతో ఉన్న ఒప్పందాలు కూడా పెట్టాలి. ముఖ్యంగా ప్రయాణం తర్వాతి నెలల్లో మీరు చేయాల్సిన పని ఉందని చూపించే ఒప్పందం. మీరు తిరిగి వస్తారని నమ్మడానికి దానికంటే పెద్ద ఆధారం ఇంకొకటి కనిపించలేదు నాకు.

#9 · మునిమాపు

మీ ఆవిడ గారి ఫైల్ గురించి. ఆమె పేరుతో ఆదాయం లేకపోవడం లోపమేమీ కాదు. ఫారంలో ఖర్చు ఎవరు భరిస్తారనే చోట స్పాన్సర్‌గా మీ పేరు రాయాలి. పెళ్లి సర్టిఫికెట్, మీ స్టేట్‌మెంట్ల ప్రతులు, "ఖర్చంతా నాదే" అని మీరు సంతకం చేసిన లేఖ ఆమె ఫైల్‌లో విడిగా పెట్టండి. నలుగురూ ఒక్కరోజే ఇచ్చినా నాలుగు ఫైళ్లనూ విడివిడిగా చూస్తారనుకునే సర్దాలి. "అది మా ఆయన ఫైల్‌లో ఉంది" అంటే కుదరదు.

పిల్లలకు జనన ధ్రువపత్రాలు కావాలి, ఫారం మీద తల్లిదండ్రుల సంతకం కావాలి. మీరిద్దరూ వెళ్తున్నారు కాబట్టి సరిపోతుంది. తల్లో తండ్రో ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం అడుగుతారు.

పేర్లు ఒకసారి సరిచూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి, బ్యాంకులో పొడి అక్షరమై, పెళ్లి సర్టిఫికెట్‌లో అసలే లేకపోతే, అవి ముగ్గురు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. టికెట్, హోటల్, ఇన్సూరెన్స్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించండి. పాత కాగితాల్లో తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని ఒక ప్రమాణపత్రం జత చేయండి.

#10 · పొగమంచు

టికెట్ కొనేయాలా వద్దా అన్నది ఎవరూ చెప్పలేదు. మా ఆఫీసులో ఒకరు కొనేశారు, వీసా రాలేదు, డబ్బంతా పోయింది. ఇంకొకరు ఏదో సైట్‌లో చిన్న మొత్తం కట్టి టికెట్ లాంటి కాగితం తెచ్చుకున్నారు. ఏది సరైన పద్ధతి?

#11 · దిక్సూచి

వీసా కోడ్ అనుబంధంలో ఉన్నది "తిరుగు టికెట్ లేదా దాని రిజర్వేషన్" అని. కాబట్టి డబ్బు కట్టి కొన్న టికెట్టే కావాలని చట్టం అడగదు. విమాన సంస్థలు కొన్ని రోజులు సీటు పట్టి ఉంచే వెసులుబాటు ఇస్తాయి. పూర్తిగా రద్దు చేసుకోగలిగే టికెట్లు కూడా ఉంటాయి. ఆ రెండింట్లో ఏదైనా మంచిదే. అయితే ఏ కాన్సులేట్ చెక్‌లిస్ట్ దానిదే, ఇటలీ లిస్ట్ ఒకసారి చదివి అందులో ఏ మాట వాడారో చూసుకోండి.

ఆ కాగితం అమ్మే సైట్ల జోలికి నేనైతే పోను. పీఎన్‌ఆర్ నంబరు కొట్టి చూస్తే విమాన సంస్థ దగ్గర నిజంగా ఉండాలి. కాగితం మీద మాత్రమే ఉండి సిస్టమ్‌లో లేకపోతే అది దొంగ పత్రం కిందికి వస్తుంది. అప్పుడు సందేహం టికెట్ దగ్గర ఆగదు, మొత్తం ఫైల్ మీదికి పాకుతుంది.

హోటళ్లకూ ఇదే. ఉచితంగా రద్దు చేసుకునే గదులు నిజంగా ఉండబోయే ఊళ్లలో, నిజమైన తేదీలకు తీసుకోండి. ప్రతి రాత్రికీ ఒక చోటు చూపించాలి. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లే రోజు ఏ హోటల్‌లోనూ లేకుండా ఖాళీగా మిగిలిపోవడం చాలా ఫైళ్లలో చూశాను. రాత్రి రైలు అయితే దాని కాగితం పెట్టండి.

#12 · అక్షరాభ్యాసి

కవర్ లెటర్ అంటే ఏం రాయాలండీ? నెట్‌లో దొరికే నమూనాలన్నీ ఒకేలా ఉన్నాయి. మా చెల్లి "ఐఫిల్ టవర్ చూడాలన్నది నా చిన్ననాటి కల" అని మొదలుపెట్టింది. అది మంచిదేనా?

#13 · దిక్సూచి

కల రాసినా నష్టం లేదు, కానీ ఆఫీసర్‌కు దానితో పని జరగదు అక్షరాభ్యాసి గారూ. ఒక్క పేజీ చాలు. ఎవరెవరు వెళ్తున్నారు, వాళ్ల మధ్య బంధం ఏమిటి, ఏ తేదీల్లో, ఎందుకు. ఆ తర్వాత రోజువారీ వరస: ఏ రాత్రి ఏ ఊళ్లో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా. ఖర్చు ఎవరిది, ఆ డబ్బు ఏ కాగితంలో కనిపిస్తుంది. తిరిగి వచ్చాక ఏం ఉంది: ఉద్యోగం, పిల్లల బడి తెరిచే తేదీ, ఇంట్లో చూసుకోవాల్సిన పెద్దవాళ్లు. వింతగా కనిపించేది ఏదైనా ఉంటే దాని వివరణ.

ఆ చివరిదాని కోసమే కవర్ లెటర్ ఉందనుకోండి. కొత్తగా మారిన ఉద్యోగం, స్టేట్‌మెంట్‌లో పెద్ద జమ, పాత తిరస్కరణ, పేర్లలో తేడా... చదివేవాళ్లకు ఎక్కడ ప్రశ్న పుడుతుందో అక్కడ జవాబు దొరకాలి. లెటర్‌లో పన్నెండు రాత్రులని రాసి, సెలవు లేఖలో పది రోజులే ఉంటే, ఇన్సూరెన్స్‌లో ఇంకో తేదీ ఉంటే, ఎంత అందంగా రాసినా లాభం లేదు. కాగితాలన్నీ టేబుల్ మీద పరిచి తేదీలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని ఇంట్లో ఇంకొకరిచేత చూపించండి. రాసినవాళ్ల కంటికి తప్పు కనిపించదు.

#14 · నడకరి

ఇన్సూరెన్స్ సంగతి చిన్నదే, కానీ చాలామంది ఇక్కడ జారిపోతారు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాలి. షెంగెన్ దేశాలన్నింటిలో చెల్లాలి, ఉండే రోజులన్నింటికీ ఉండాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి ఖర్చు, అనారోగ్యంతోనో మరణం వల్లనో స్వదేశానికి చేర్చే ఖర్చు అందులోకి రావాలి. ఒక్క దేశం పేరే రాసిన పాలసీ వద్దు. దిగే రోజు, తిరిగి ఎక్కే రోజు రెండూ అందులో ఉండాలి. విమానం అర్ధరాత్రి దాటాక దిగుతుంటే తేదీ మారుతుంది, చూసుకోండి. వీసా రాకపోతే డబ్బు తిరిగి ఇచ్చే పాలసీలు ఉంటాయి, అలాంటిదే తీసుకోవడం మేలు.

#15 · కాగితంపడవ

మునిమాపు అక్కా, మీరు చెప్పినట్టే ప్లాన్ మార్చేశాను, స్లాట్ కూడా దొరికింది. ఇంకో సందేహం. నాకు ఇంతకు ముందు ఒక షెంగెన్ దేశం వీసా రాలేదు. "గడువు లోపల తిరిగి వెళ్తారన్న ఉద్దేశంపై సహేతుకమైన సందేహం" అన్న గడిలో టిక్ పెట్టి ఇచ్చారు. ఇప్పుడు వేరే దేశానికి వేస్తున్నాను కాబట్టి ఆ సంగతి ఎత్తకుండా ఉంటే మంచిదా?

#16 · సముద్రతీరం

ఎత్తు. దాచినా దాగదు, అది విస్‌లో ఐదేళ్లు ఉంటుంది, కొత్త ఆఫీసర్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. కనిపిస్తున్నదాని గురించి నువ్వు మౌనంగా ఉంటే ఆ మౌనమే ఒక ప్రశ్న అవుతుంది.

నీకు ధైర్యం కలిగించే మాట కూడా కోడ్‌లోనే ఉంది: పాత తిరస్కరణ ఉన్నంత మాత్రాన కొత్త దరఖాస్తును దానంతట అది తిరస్కరించకూడదు. ప్రతి దరఖాస్తునూ కొత్తగా చూడాలి. నాకు కూడా ఒకప్పుడు ఇదే గడిలో టిక్ వచ్చింది. మళ్లీ వేసినప్పుడు కవర్ లెటర్‌లో రెండే వాక్యాలు రాశాను: ఫలానా నెలలో ఈ కారణంతో వీసా రాలేదు, అప్పటికి ఒప్పందాల ఆధారం లేదు, ఇప్పుడు ఏడాది ఒప్పందం, పన్ను రిటర్నులు జత చేశాను. వీసా వచ్చింది. గతసారి లేనిది ఈసారి ఏముందో చూపించాలి, అదే ఫైల్ అదే రూపంలో వేరే దేశానికి ఇస్తే ఫలితం కూడా మారకపోవచ్చు.

ఆ టిక్ అంటే నువ్వు అబద్ధమాడావని తేల్చినట్టు కాదు, అది మనసుకు తీసుకోకు. యూరోపియన్ న్యాయస్థానం 2013 డిసెంబరులో కౌష్కాకి కేసులో చెప్పింది ఏమిటంటే, తిరిగి వెళ్తారని ఆఫీసర్‌కు పూర్తి నిశ్చయం కలగాల్సిన పని లేదు, సహేతుకమైన సందేహం ఉందా లేదా అన్నదే చూడాలి అని. అదే తీర్పులో, కోడ్‌లో రాసిన కారణాలు తప్ప వేరే కారణంతో వీసా నిరాకరించకూడదని కూడా ఉంది. మనం చేయగలిగింది ఆ సందేహానికి చోటు తగ్గించడం.

#17 · పొగమంచు

అప్పీలు చేసుకోవచ్చా? లేక కొత్తగా వేయడమే మేలా?

#18 · దిక్సూచి

అప్పీలు హక్కు ఉంది. తిరస్కరణ పత్రం మీదే ఎక్కడ, ఎన్ని రోజుల్లో అన్నది రాసి ఉంటుంది. నిర్ణయం తీసుకున్న దేశం చట్టం ప్రకారమే అది నడుస్తుంది కాబట్టి ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి. కాన్సులేట్‌కే రాసి పునఃపరిశీలన అడిగే పద్ధతి జర్మనీలో ఎన్నో ఏళ్లు ఉండేది, 2025 జూలై 1 నుంచి తీసేశారు. ఇప్పుడు అక్కడ కొత్త దరఖాస్తు వేయాలి, లేదా బెర్లిన్ కోర్టుకు వెళ్లాలి.

కాగితం లోపించి రాకపోతే కొత్తగా వేయడమే త్వరగా తేలుతుంది. మీరు ఇచ్చిన కాగితాన్ని వాళ్లు చూడలేదని, తప్పుగా చదివారని ఖచ్చితంగా చెప్పగలిగితే అప్పీలు. "పత్రాలు నమ్మదగినవి కావు" అన్న గడిలో టిక్ పడి, మీ పత్రాలు నిజమైనవే అయితే, వదిలేయకుండా అప్పీలు చేయండి. ఆ మచ్చ రికార్డులో ఉండిపోవడం మంచిది కాదు.

#19 · రైలుకిటికీ

ఫైళ్లు ఇచ్చేశాం. మునిమాపు గారు చెప్పినట్టు నాలుగూ విడివిడిగా సర్దాం. సెంటర్‌లో పెద్దగా ఏమీ అడగలేదు, కాగితాలు వరసగా చూసి తీసుకున్నారు. ఇద్దరివీ పది వేళ్ల ముద్రలు, ఫోటో అంతే. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లాలని ఉంటుంది కదా, ఒకేసారి ఎక్కువ కాలం చెల్లే వీసా ఇవ్వరా?

#20 · మునిమాపు

ఇస్తారు, కానీ మెట్టు మెట్టుగా. గత రెండేళ్లలో మూడు వీసాలు తీసుకుని సక్రమంగా వాడి ఉంటే ఏడాది మల్టిపుల్ ఎంట్రీ. ఆ ఏడాది వీసాను గత రెండేళ్లలో పొంది సరిగ్గా వాడితే రెండేళ్లది. ఆ రెండేళ్లది గత మూడేళ్లలో పొంది ఉంటే ఐదేళ్లది. ఇది సాధారణ నియమం. కొన్ని దేశాల పౌరులకు ఇంతకంటే ఉదారమైన నియమాలు ఉన్నాయి, మీ కాన్సులేట్ సైట్‌లో చూడండి. ఎంతకాలం చెల్లే వీసా అయినా, ఏ 180 రోజుల్లోనైనా లోపల 90 రోజులకు మించి ఉండకూడదన్న పరిమితి మాత్రం మారదు.

పాస్‌పోర్టు చేతికి రాగానే కౌంటర్ దగ్గరే స్టిక్కర్ చదవండి. పేరు అక్షరాలు, పాస్‌పోర్టు నంబరు, తేదీలు. ఇంటికి వెళ్లాక చూసుకునేకంటే అక్కడే తప్పు చూపిస్తే సరిచేయించడం తేలిక.

#21 · పొగమంచు

నా స్టిక్కర్ వచ్చిందండీ! చెల్లే తేదీల మధ్య దాదాపు నెల రోజులు ఉంది, కింద "ఉండే వ్యవధి" దగ్గర మాత్రం 12 అని ఉంది. నెలంతా ఉండొచ్చా, పన్నెండు రోజులేనా?

#22 · నడకరి

పన్నెండు రోజులే. తేదీలు చెప్పేది ఆ కిటికీలో ఎప్పుడైనా వెళ్లి రావచ్చని. విమానం ఆలస్యమో, ప్రయాణం వాయిదానో అయితే ఇబ్బంది పడకూడదని పదిహేను రోజులు అదనంగా కలిపి ఇస్తారు. లోపల గడిపే రోజులకు మాత్రం ఆ 12 హద్దు. దిగిన రోజు, వెళ్లిపోయే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. రాత్రి పదకొండింటికి దిగినా అది ఒక రోజే.

హోటల్ బుకింగులు, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ ప్రతులు చేతి సంచిలో ఉంచుకోండి, సామాన్లలో వేసేయకండి. పాస్‌పోర్టు కౌంటర్ దాటాకే సామాన్లు చేతికొస్తాయి.

#23 · అక్షరాభ్యాసి

చివరిగా ఒకటి అడగవచ్చా? మా అక్క అక్కడే ఉంటుంది. అమ్మకు మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉంది. 2026 జనవరి 1న వెళ్లి మార్చి 31న వచ్చేసింది. అక్కకు డెలివరీ ఉంది, మళ్లీ ఎప్పుడు వెళ్లవచ్చు? ఒకరు మూడు నెలలు ఆగాలంటారు, ఒకరు వచ్చే జనవరి దాకా కుదరదంటారు. అమ్మ దిగులు పడుతోంది.

#24 · దిక్సూచి

అమ్మగారిని దిగులు పడవద్దని చెప్పండి. రూల్ ఏమిటంటే ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ 180 క్యాలెండర్‌లో ఒకచోట మొదలై ఒకచోట ఆగేది కాదు, రోజుతో పాటే కదులుతుంది. ఏ రోజు లోపల ఉన్నారో ఆ రోజును కలుపుకుని వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి.

అమ్మగారు జనవరిలో 31, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31 రోజులు ఉన్నారు, సరిగ్గా 90. జూన్ 29 నుంచి వెనక్కి లెక్కిస్తే 180 రోజులు జనవరి 1 దగ్గర ఆగుతాయి. అంటే పాత 90 రోజులూ అందులోనే ఉన్నాయి, ఆ రోజు అడుగుపెడితే 91 అవుతుంది. జూన్ 30 నుంచి లెక్కిస్తే జనవరి 2 దగ్గర ఆగుతుంది, ఒక పాత రోజు బయటికి పోయింది. కాబట్టి జూన్ 30న దిగవచ్చు. అక్కడి నుంచి రోజుకు ఒక పాత రోజు రాలిపోతూ ఉంటుంది కాబట్టి వరసగా మళ్లీ 90 రోజులు, అంటే సెప్టెంబరు 27 దాకా ఉండవచ్చు. వీసా గడువు అప్పటిదాకా ఉందో లేదో చూడండి, ఇన్సూరెన్స్ ఆ రోజులకు కొత్తగా తీసుకోండి.

2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో స్టాంపులకు బదులు కంప్యూటర్‌లో రాకపోకలు నమోదు చేసే ఈఈఎస్ పద్ధతి దశలవారీగా మొదలైంది. ఒక్క రోజు ఎక్కువైనా దానంతట అదే బయటపడుతుంది. యూరోపియన్ కమిషన్ సైట్‌లో ఈ రోజులు లెక్కవేసే కాలిక్యులేటర్ ఉంది. టికెట్ తీసే ముందు పాత తేదీలు, కొత్త తేదీలు అందులో వేసి చూసి, ఒకటి రెండు రోజులు వదులుగా ఉండేలా జూలై మొదటి వారంలో బుక్ చేయండి. డెలివరీ తేదీ అంతకంటే ముందైతే ఇక్కడ రాయండి, వేరే దారులేమున్నాయో చూద్దాం.